రాంట్జెన్ పండితుడు – ఆయన భార్య చేతి పటము

(ధ్యానమునకు: కీర్తన 139, యోహాను సువార్త 9, 20 అధ్యాయములు)

సాయంకాలమున నరసరావుపేటలో మాచర్ల బస్సు ఎక్కినయెడల, చేతిలో పెద్ద కాగితపు కవరు పట్టుకొని కూర్చున్నవారు ఇద్దరు ముగ్గురైనను కనబడక మానరు. ఆ కవరును వారు మడవరు, సంచిలో కుక్కరు, పసిబిడ్డను పెట్టుకొన్నట్లు ఒడిలో పెట్టుకొందురు. అందులో నున్నది ఎక్సురే ఫిలిము. ఇల్లు చేరిన పిదప దానిని వాకిటి వెలుగునకు ఎత్తిపట్టి ఇంటిల్లిపాదియు చూతురు. ఇరుగుపొరుగువారును వచ్చి చూతురు. ఏది ఎముకయో, ఏది ఊపిరితిత్తియో ఎరుగనివారు సైతము ఒక మచ్చను వ్రేలితో చూపి తల ఊపుదురు. ఇప్పుడు కొన్ని ఆసుపత్రులలో ఫిలిము చేతికియ్యక సెల్‌ఫోనులోనికి పంపుచున్నారు గాని మా గ్రామములలో పెద్దలు ఫిలిమే కావలెనందురు. తన దేహము లోపలిది పరుల ఫోనులో నుండుటకంటె తన పెట్టెలో నుండుట మేలని వారి తలంపు.

సంఘకాపరులమైన మాకు ఈ ఫిలిములతో పరిచయము విస్తారము. డాక్టరుగారు చెప్పినది చాలక, అయ్యగారును ఒకమారు చూడవలెనని మా యొద్దకు తెత్తురు. కొందరు ఫిలిముమీదనే చెయ్యి ఉంచి ప్రార్థించుమందురు. వేదపాఠశాలలో హెబ్రీ అక్షరములు కొంచెము నేర్చుకొంటిమి గాని ఈ అక్షరములు మాకెవరును నేర్పలేదు. నేర్వనిదానిని గూర్చి ప్రసంగపీఠముమీద మాటలాడుట వలన కలిగిన హానిని మొదట ఒప్పుకొని, పిమ్మట అసలు చరిత్రలోనికి పోవుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రమల కాలపు ఆరాధనలో మేమొక ఉపమానము చెప్పితిమి. ఎక్సురే యంత్రము చొక్కాను, చర్మమును దాటి లోపలి నల్లమచ్చను ఏలాగు పట్టుకొనునో, ప్రభువు దృష్టి మన పాపమును ఆలాగే పట్టుకొనునని చెప్పితిమి. ప్రసంగము బాగుండెనని పెద్దలు మెచ్చుకొనిరి. మాకును సంతోషము కలిగెను. ఆ దినమున స్త్రీల వైపున చాపమీద కూర్చున్న ఒక సహోదరి ఇంట, ట్రంకుపెట్టెలో, రెండు దినముల క్రిందట తీసిన రొమ్ము ఫిలిము ఉన్నదని మేమెరుగము. ఆమె పత్తి తీతకును మిరపకోతకును పోయి బ్రదుకునామె. దగ్గు విడువనందున పరీక్షచేసి క్షయ అని చెప్పియుండిరి. మా ప్రసంగము విని, ఆ ఫిలిములోని మచ్చ తన పాపమేననియు, దేవుడే దానిని పటము తీయించెననియు ఆమె నిశ్చయించుకొనెను. తరువాత మూడు పర్యాయములు ప్రభు భోజనమునకు ఆమె ముందునకు రాలేదు. దగ్గు ఇతరులకు అంటునని వెనుకాడుచున్నదని మేమనుకొంటిమి. ఆమె అత్తగారు ఒకనాడు మా యింటికి వచ్చి సంగతి విప్పి చెప్పినప్పుడు మేము తల ఎత్తలేకపోతిమి. తప్పు ఆమెది కాదు, యంత్రముది కాదు, మాది.

ఆ యంత్రమును ప్రసంగములో వాడుకొంటిమి గాని, దానికి మూలపురుషుడైన వానిని గూర్చి రెండు మాటలైనను మేమెరుగము. ఆ దినమునుండి చదువ నారంభించితిమి. చదివినదానిలో కొంత ఈ పుటలలో పెట్టుచున్నాము.

విల్హెల్మ్ కాన్రాడ్ రాంట్జెన్ 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీన జర్మనీ దేశములోని లెన్నెప్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. తల్లి హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ కుటుంబమునకు చెందినది. వారికి ఇతడొక్కడే సంతానము. బాలునికి మూడేండ్ల ప్రాయమున కుటుంబము హాలెండులోని అపెల్డోర్న్‌కు తరలిపోయెను. ఫాదర్ హయ్యర్ గారు 1849లో మన గురజాలకు వచ్చి సువార్తతోపాటు మందును పంచి పెట్టుచున్న దినములలో, రాంట్జెన్ నాలుగేండ్ల పసివాడు. రోగి పలుకు వినుట, నాడి చూచుట, తట్టి చూచుట, నాలుక చూచుట, ఇట్టి పరీక్షలే గాని, లోపలి ఎముకను, ఊపిరితిత్తిని కంటితో చూచు సాధనము హయ్యర్ గారికి గాని ఆ కాలపు మరే వైద్యునికి గాని లేదు. లోపల చూడవలెనన్న కత్తి పెట్టవలసినదే.

బాలుడు చదువులో అంత ప్రసిద్ధుడు కాడు. చేతిపని యందు, చిన్న చిన్న యంత్రములు చేయుట యందు ఇష్టము గలవాడు. యుట్రెక్ట్ పట్టణపు సాంకేతిక పాఠశాలలో చదువుచుండగా ఒక సంగతి జరిగెను. తోటి విద్యార్థి యొకడు ఉపాధ్యాయుని వికారముగా బొమ్మ గీసెను. రాంట్జెన్ దానిని చూచి నవ్వుచున్న సమయమున ఉపాధ్యాయుడు లోపలికి వచ్చెను. గీసినవాని పేరు చెప్పుమనిరి. రాంట్జెన్ చెప్పలేదు. చెప్పనందున బడినుండి వెళ్లగొట్టిరి. ఆ ఒక్క మౌనము వలన విశ్వవిద్యాలయ ప్రవేశమునకు కావలసిన సర్టిఫికెట్టు ఆయనకు జీవితాంతము లేకపోయెను. బొమ్మ గీసినవాడు ముందునకు వచ్చి ఒప్పుకొనియుండవలసినది గదా అని చదువుచున్నప్పుడు మాకు కోపము వచ్చెను. రాంట్జెన్ మౌనము సరియో కాదో సండేస్కూలు ఉపాధ్యాయులు తమలో తాము వాదించుకొనవచ్చును. మా మట్టుకు, తాను నోరు విప్పినయెడల మరియొకనికి నష్టమని ఎరిగి ఆ నష్టమును తానే మోసెనన్నంతవరకు గౌరవింపక తప్పదు.

స్విట్జర్లాండు దేశములోని జూరిచ్ నగరమున సర్టిఫికెట్టు లేనివారిని సహితము చేర్చుకొను సాంకేతిక కళాశాల యుండెను. 1865లో అక్కడ చేరి, యంత్రశాస్త్రము నేర్చి, 1869లో డాక్టరు పట్టము పొందెను. ఆ నగరమందే ఒక భోజనశాల యజమానుని కుమార్తెయైన అన్నా బెర్తా లుడ్విగ్‌ను ఎరిగి 1872లో వివాహము చేసికొనెను. ఆమె ఆయనకంటె ఆరేండ్లు పెద్దది. వారికి సంతానము కలుగలేదు. బెర్తా సహోదరుని కుమార్తెను ఆరేండ్ల ప్రాయమున తెచ్చి పెంచుకొనిరి.

తన గురువైన కుంట్ పండితుని వెంట జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు పోయినప్పుడు, పాఠము చెప్పు అర్హతను ఇచ్చుటకు వారు నిరాకరించిరి. చిన్ననాటి ఆ సర్టిఫికెట్టు లేదు గదా! గురుశిష్యులు స్ట్రాస్‌బర్గ్ పోయిరి. అక్కడ అర్హత దొరికెను. పిమ్మట గీసెన్ పట్టణమున ఆచార్యుడుగా తొమ్మిదేండ్లు పనిచేసెను. 1888లో, ఏ వుర్ట్స్‌బర్గ్ ఆయనను కాదనెనో ఆ వుర్ట్స్‌బర్గే ఆయనను ఆచార్యునిగా పిలిచెను. 1894లో ఆ విశ్వవిద్యాలయమునకు అధిపతిగా సహితము ఎన్నుకొనెను. మాటకారి కాడు, సభలకు జంకువాడు. కొలతల యందు మిక్కిలి శ్రద్ధ గలవాడు. ఆ వయస్సునాటికి ఆయన పేరు భౌతికశాస్త్రము చదివినవారికి తప్ప ఇతరులకు తెలియదు.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీ శుక్రవారము సాయంకాలము. ప్రయోగశాల చీకటి చేయబడియున్నది. గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తు పంపుచు, వెలుగు బయటికి రాకుండ గొట్టమును నల్లని అట్టతో కప్పియుంచెను. అయినను కొంత దూరమున నున్న ఒక అట్టముక్క మిణుకుమనుట చూచెను. దానిమీద బేరియం ప్లాటినోసయనైడ్ అను లవణము పూయబడియుండెను. గొట్టమాపిన మెరుపు ఆగును, గొట్టము వెలిగించిన మెరుపు వచ్చును. కంటికి కనబడనిదేదో నల్లని అట్టను దాటి వచ్చుచున్నదన్నమాట. అడ్డముగా పుస్తకము పెట్టెను, చెక్క పెట్టెను, దాటి వచ్చెను. సీసము పెట్టెను, ఆగెను. సీసపు ముక్కను పట్టుకొన్న తన చేతి నీడ తెరమీద పడినప్పుడు, మాంసము పలుచని మబ్బువలెను, అందులో తన వ్రేళ్ల ఎముకలు స్పష్టముగాను కనబడెను. బ్రదికియుండగానే తన ఎముకలను తాను చూచిన మొదటివాడు ఆయనే అనవచ్చును.

ఏడు వారములు ఎవరికిని చెప్పలేదు. ఇల్లు ఆ భవనముననే పై అంతస్తులో నున్నను, భోజనమును పడకయు ప్రయోగశాలలోనే జరుపుకొను దినములు వచ్చెను. కన్ను మోసపోయెనేమో, తానే భ్రమపడెనేమో అని మరల మరల పరీక్షించెను. ఈ సంగతి మమ్మును సిగ్గుపరచెను. ఆయన ఏడు వారములు పరీక్షించి గాని పలుకనిదానిని మేము శనివారము రాత్రి అరగంటలో ఉపమానముగా చేసికొంటిమి.

డిసెంబరు 22వ తేదీన బెర్తాను క్రిందికి పిలిచెను. ఆమెకప్పుడు 56 ఏండ్లు. ఆమె చేతిని ఫోటో పలకమీద పెట్టించి, సుమారు పదిహేను నిమిషములు కదలకుండ ఉండుమని, పైనుండి కిరణములను పంపెను. పలకను కడిగి చూడగా ఆమె వ్రేళ్ల ఎముకలు ఒక్కొక్కటిగా ఉన్నవి. వ్రేలి ఉంగరము మాంసమునకు తగులక ఎముకచుట్టు తేలుచున్నట్లున్నది. శాస్త్ర చరిత్రలో ఇంత ప్రసిద్ధమైన పటములు కొద్ది. అయితే ఆ పటమును చూచిన బెర్తాకు సంతోషము కలుగలేదు. ఆమె వణికిపోయి, తన మరణమునే తాను చూచినట్లు తలంచెనని చెప్పుదురు.

ఇచ్చట కొంచెము ఆగవలెను. ఒక పలకను ఇద్దరు చూచిరి. భర్తకు అది ఏడు వారముల ప్రయాసకు ఫలము. భార్యకు అది సమాధిలోని తన చెయ్యి. ఎముకలు అంతవరకు మనుష్యులకు కనబడినది స్మశానమందే గదా! ఆమెను అజ్ఞానురాలనుటకు మాకు నోరు రాదు. ఆదాము తన భార్యను తన ఎముకలలోని ఎముకగా ఎరిగి సంతోషించినట్లు ఆదికాండములో చదువుచున్నాము. రాంట్జెన్ తన భార్య ఎముకను కన్నులార చూచెను, చూచి సంతోషించెను. ఆమె మాత్రము భయపడెను. మరుసటి నెలలోనే, అనగా 1896 జనవరి 23వ తేదీన, నిండు సభలో కోలికర్ అను వృద్ధ శరీరశాస్త్ర పండితుని చేతిని రాంట్జెన్ అదేవిధముగా పటము తీసెను. కోలికర్ ఉప్పొంగిపోయి, ఈ కిరణములకు రాంట్జెన్ పేరే పెట్టవలెనని సభలో ప్రతిపాదించెను. సభ చప్పట్లు కొట్టెను. అదే కిరణము, అదే విధమైన ఎముకలు. ఒకరికి చావు, ఒకరికి పండుగ. ఎవరి దేహము వారిది, ఎవరి చూపు వారిది. మన గ్రామములలో ఫిలిము చేత పట్టుకొని వచ్చువారిని గూర్చి ఇది తెలిసికొని యుండినయెడల మేము ఆ ఉపమానము చెప్పియుండకపోదుము.

రాంట్జెన్ తాను వాటిని ఎక్స్ కిరణములనెను. లెక్కలలో తెలియనిదానికి ఎక్స్ అని పేరు గదా. తెలియనిదానిని తెలియదనుట ఆయన స్వభావము. డిసెంబరు 28న తన వ్యాసమును వుర్ట్స్‌బర్గ్ సంఘమునకు అందజేసి, క్రొత్త సంవత్సర దినమున అచ్చు ప్రతులను చేతి పటముతో కూడ పరదేశ పండితులకు పంపెను. జనవరి మొదటి వారములోనే వియన్నా వార్తాపత్రిక ప్రచురించెను. కొద్ది దినములలో లోకమంతయు ఎరిగెను. జనవరి 13న చక్రవర్తి ఎదుట ప్రయోగము చేసి చూపెను. వెంటనే వెర్రియు బయలుదేరెను. ఈ కిరణములు బట్టలలోనుండి మనుష్యులను దిగంబరులుగా చూపునని భయపడి, వాటికి లోబడని లోదుస్తులు అమ్ముదుమని ప్రకటించిన వర్తకులును ఉండిరి. ఇంకొక ప్రక్కన వైద్యులు విరిగిన ఎముకలను, దేహములో చిక్కిన తుపాకి గుండ్లను వెదకుటకు మొదలుపెట్టిరి. 1897, 98 సంవత్సరములలో మన దేశపు వాయవ్య సరిహద్దున తీరా యుద్ధములో గాయపడిన సిపాయిలకు సహితము ఈ కిరణములు ఉపయోగపడెను.

ఈ యంత్రమునకు పేటెంటు తీసికొమ్మని, కోట్లు గడింపవచ్చునని చెప్పినవారుండిరి. ఆయన తీసికొనలేదు. మనుష్యులందరికి చెందవలసినదని తలంచెను. బవేరియా ప్రభువు ఇవ్వజూపిన కులీన బిరుదమును వలదనెను. 1901లో నోబెల్ బహుమానములు ప్రారంభమైనప్పుడు భౌతికశాస్త్రమందు మొట్టమొదటి బహుమానము ఆయనకే వచ్చెను. పుచ్చుకొనుటకు పోయెను గాని ఉపన్యాసమియ్యలేదు. ఆ ధనమును వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసెను. ఆయనను భక్తుల పట్టికలో చేర్చుట మా ఉద్దేశము కాదు. సంఘకాపరులకు కనబడిన ప్రతి మంచివానిని బలవంతముగా భక్తునిగా చేయు అలవాటు ఉన్నది. ఆయనను ఉన్నట్టుగానే చెప్పుట మేలు.

పాడు కూడ జరిగెను, దానిని దాచరాదు. కిరణములు కంటికి కనబడవు, తగిలినప్పుడు నొప్పియు లేదు. అందుచేత మొదటి దినములలో పనిచేసినవారు చేతులు అడ్డుపెట్టి యంత్రమును పరీక్షించుచుండిరి. కొన్నాళ్లకు చర్మము కాలినట్లై, పుండ్లుపడి, వ్రేళ్లు తీసివేయవలసి వచ్చెను. అమెరికాలో ఎడిసన్ యొద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ ఈ విధముగానే 1904లో మరణించెను. ఈలాగు ప్రాణములు కోల్పోయిన వైద్యులకును సేవకులకును జ్ఞాపకార్థముగా 1936లో జర్మనీలోని హాంబర్గ్ నగరమున ఒక స్తంభము నిలిపిరి. నేడు ఎక్సురే గదిలో పనివారు సీసపు దుస్తులు వేసికొనుటయు, తీయునప్పుడు గది బయటికి పోవుటయు వారి మరణముల వలన నేర్చిన పాఠమే. మన స్త్రీలు కొందరు, అయ్యగారూ, మమ్మును లోపల పెట్టి వాళ్లు పారిపోవుదురేమి అని అడుగుదురు. అప్పుడప్పుడు తీయించుకొనువానికి అపాయము బహు స్వల్పము, దినమంతయు దానియొద్ద నుండువానికే జాగ్రత్త ఎక్కువ అని జవాబు చెప్పవలెను. గర్భిణిగా నున్నవారు మాత్రము ముందుగానే చెప్పవలెను.

ఇక తెలుగు నేలమీద ఈ పటములు చేసిన పని ఒకటి చెప్పెదము. ఆనాటి నెల్లూరు జిల్లాలోని కొన్ని గ్రామములలో మధ్యవయస్సు వచ్చుసరికి మనుష్యులు నడుము వంగి, మెడ తిప్పలేక, మోకాళ్లు చాపలేక కొయ్యబారిపోవుచుండిరి. పండ్లమీద గారలు. ఇది ఏమి శాపమో, ఏ జన్మ కర్మమో అని జనులనుకొనిరి. మద్రాసు వైద్యులు షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనువారు ఆ రోగులను పరీక్షించి 1937లో సంగతి ప్రకటించిరి. వీరిలో బర్నార్డ్ మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఎక్సురే శాఖను నడిపినవాడు, నేటికిని అక్కడి సంస్థ ఆయన పేరనే ఉన్నది. పటములలో వెన్నెముక సుద్దవలె తెల్లగా, దట్టముగా గట్టిపడి యుండెను. ఎముకలను కట్టియుంచు నరములవంటి పట్టీలు సైతము ఎముకవలె మారిపోయియుండెను. కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడు. మన పల్నాటిలోను ఆ నీళ్ల బాధ ఎరిగిన గ్రామములు కలవు గనుక చదువరులకు వేరుగా వర్ణింప నక్కరలేదు.

పుట్టు గ్రుడ్డివాని చూచి, వీడు చేసిన పాపమా, వీని కన్నవారు చేసిన పాపమా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండును కాదనెను. నెల్లూరు జిల్లా గూనివారి ఎక్సురే పటములును అదే జవాబు చెప్పినవి. తప్పు వారిది కాదు, వారి తల్లిదండ్రులది కాదు, బావిది. మేము ప్రసంగములో పటమును నేరము మోపు సాక్షిగా నిలువబెట్టితిమి. ఈ చోట అది నేరము తుడిచివేసిన సాక్షి.

క్షయ విషయములోను ఆలాగే. మదనపల్లెయొద్ద ఆరోగ్యవరమున అనేక మిషనులు ఏకమై నెలకొల్పిన క్షయ వైద్యాలయము 1915 నుండి రోగులకు తెరువబడెను. డెన్మార్కు దేశపు మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దానిని నడిపిరి. పిమ్మట యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ గారు 1950 నుండి 1955 వరకు ఆ చుట్టుపట్ల ప్రజలలో జరిపిన పెద్ద పరిశోధనలో, ఏ బాధయు లేక పనిపాటలు చేసికొనుచున్నవారిని సహితము ఎక్సురే తీసిరి. ఆరోగ్యవంతులమనుకొన్నవారిలో రోగము దాగియుండుట ఆ విధముగా బయలుపడును. భక్తిమంతుడు, దుర్మార్గుడు అను భేదము ఆ ఫిలిముకు తెలియదు.

మా సహోదరి యింటికి పోవుటకు మునుపు మేము తెలిసిన ఒక డాక్టరుగారియొద్ద కూర్చుండి ఫిలిము చదువుట నేర్పుమని వేడుకొంటిమి. ఆయన నవ్వక నేర్పిరి. కిరణము దాటిపోయినచోట ఫిలిము నల్లబడును, అడ్డు తగిలినచోట తెల్లగా నిలుచును. ఊపిరితిత్తి నిండ గాలియే గనుక అది నల్లగా నుండుటే ఆరోగ్యము. రోగము పట్టి గాలిచోటు పూడిపోయినచోట తెల్లగా కనబడును. నల్లమచ్చ అని మేము చేసిన ప్రసంగము మొదటికే తలక్రిందులు! పైగా బెర్తా చేతి పటమును కాగితముమీద అచ్చు వేసినప్పుడు ఎముకలు నల్లగా నుండెను, నేటి ఫిలిములలో అవే ఎముకలు తెల్లగా నుండును. నలుపును తెలుపును అచ్చువేయు పద్ధతినిబట్టి మారునవే గాని పాపపుణ్యములకు గురుతులు కావు.

ఆమె యింటి వాకిటిలో చాపమీద కూర్చుండి, ఫిలిమును వెలుగునకు పట్టి, ఇది నీ గుండె, ఇవి నీ ప్రక్కటెముకలు, ఇది గాలి, ఇది రోగము అని చూపితిమి. ఆ రోగము ఏ పాపమునకును గురుతు కాదనియు, దగ్గుచున్న మరియొక మనుష్యునినుండి గాలిద్వారా వచ్చిన పురుగువలన కలిగినదనియు చెప్పితిమి. మా ప్రసంగము తప్పని ఆమె ఎదుటను, ఆమె అత్తగారి ఎదుటను ఒప్పుకొంటిమి. కాపరి తప్పు ఒప్పుకొనుట చూచి అత్తగారు కంగారుపడిరి. సహోదరి చాల సేపు పలుకలేదు. పిమ్మట తన గుండె ఎడమప్రక్కకు ఒరిగియుండుట అందరికిని అంతేనా అని అడిగెను. అందరికిని అంతేనంటిమి. కొంచెము నవ్వెను.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా ఇచ్చు మందులు ఆరు మాసములు విడువక మ్రింగెను. ఆఖరున మరల ఫిలిము తీసిరి. రోగము పోయినదని చెప్పిరి గాని, ఫిలిములో చిన్న గీతవంటి మచ్చ మిగిలియుండెను. మరల భయపడి మా యొద్దకు తెచ్చెను. మానిన పుండునకు చర్మముమీద మచ్చ మిగులునట్లే ఊపిరితిత్తిలోను మిగులునని, అది రోగము కాదని డాక్టరుగారు చెప్పిరి. మాకు యోహాను సువార్త 20వ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. మృతులలోనుండి లేచిన ప్రభువు దేహమునకు గాయపు గురుతులు లేకుండ పోలేదు. వాటిని దాచుకొనక తోమాకు చూపెను. ఆ మాట ఆమెతో చెప్పితిమి. ఈస్టరు దినమున ఆమె బల్లయొద్దకు వచ్చెను. ఫిలిములు రెండును ట్రంకుపెట్టెలో పెండ్లిచీర క్రింద నున్నవి. పాతది పారవేయరాదా అని కోడళ్లు అడిగిన, అదియు తనదేనని ఆమె జవాబు.

రాంట్జెన్ తరువాత వచ్చిన సాధనములు అనేకము. 1971లో ఇంగ్లాండులో మొదటిసారిగా రోగి తలను సి.టి. స్కాను తీసిరి. కిరణములు లేకయే ధ్వనితో గర్భములోని శిశువును చూపు స్కానింగు నేడు మండల కేంద్రములలో సైతము ఉన్నది. మరుగైయుండి నిర్మింపబడుచున్న పిండమును గూర్చి కీర్తనకారుడు 139వ కీర్తనలో ఆశ్చర్యపడిన సంగతిని నేటి తల్లి తెరమీద చూచుచున్నది. మొదటి పటమును బైబిలులో దాచుకొన్న తల్లులను మేమెరుగుదుము. అదే పటము ఆడపిల్ల అని తెలిసికొని చంపుటకును ఉపయోగపడినందున, లింగము తెలుపరాదని 1994లో చట్టము చేయవలసి వచ్చెను. తెరమీది నీడ ఎవరి కంట పడునో దానినిబట్టి జీవమో మరణమో అగుచున్నది.

రాంట్జెన్ చివరి దినములు సుఖముగా గడువలేదు. 1900 నుండి మ్యూనిక్ నగరమున ఆచార్యుడుగా నుండెను. బెర్తా దీర్ఘరోగియై, తీరని నొప్పులతో చాలకాలము మంచము పట్టెను. లోకములోని రోగుల దేహములను వైద్యులకు తెరిచి చూపిన మనుష్యుడు తన భార్య మంచముప్రక్కన, నొప్పి తగ్గు మందును ఆమెకు తానే సూదితో ఎక్కించుచు, సంవత్సరముల తరబడి కాచుకొని కూర్చుండెను. 1919 అక్టోబరు 31న ఆమె మరణించెను. మొదటి మహాయుద్ధానంతరము జర్మనీలో రూపాయి విలువ పడిపోయినట్లు అక్కడి నాణెము విలువ పడిపోగా, ఆయన కూడబెట్టినది కరగిపోయెను. పేటెంటు తీసికొనియుండినయెడల అని ఆయన పశ్చాత్తాపపడినట్లు మేమెక్కడను చదువలేదు. 1923 ఫిబ్రవరి 10వ తేదీన ప్రేగుల క్యాన్సరువలన, 77వ ఏట, మ్యూనిక్‌లో కన్నుమూసెను. గీసెన్ పట్టణపు పాత స్మశానములో, తల్లిదండ్రులు, బెర్తా ఉన్నచోటనే ఆయనను ఉంచిరి. ఆయన ఉత్తరములును వ్రాతలును చాలవరకు ఆయన కోరికచొప్పున కాల్చివేయబడెను. ఆ శీతకాలపు దినమున భయపడిన స్త్రీ చేతి పటము మాత్రము మిగిలియున్నది.